కప్లర్ లాక్ పూర్తిగా పడాలి, పడ్డాక లేవకూడదు: లాకింగ్ మెకానిజం మెరుగుపరచడానికి సమగ్ర మార్గదర్శి

"లాక్ మార్చాం, నకిల్ కూడా మార్చాం. అయినా అదే బండి మళ్లీ విడిపోయింది. ఇంకేం మార్చాలి?" రైలు పెట్టెలను కలిపే ఉక్కు పట్టు అయిన కప్లర్ గురించి చాలామంది అడిగే ప్రశ్న ఇదే. మార్చడం కంటే ముందు కొలవాలి, వరుసగా పరీక్షించాలి. ఆ వరుస తప్పితే కొత్త భాగాలు పెట్టినా పాత జబ్బు అలాగే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా గూడ్స్ వ్యాగన్లకు ఎక్కువగా వాడే ఏఏఆర్ (అమెరికా రైల్‌రోడ్ల సంఘం) 'ఈ' రకం నకిల్ కప్లర్ గురించి. మిగతా రకాల్లో ఎక్కడ జాగ్రత్తపడాలో చివర్లో చెబుతాను. ఈ పని అధికారం, శిక్షణ ఉన్న సిబ్బంది చేయాల్సింది. మీ కప్లర్ తయారీదారు మాన్యువల్ ఎదురుగా పెట్టుకునే మొదలుపెట్టండి.

1. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి

నకిల్ అంటే వంచిన వేలు లాంటి ఉక్కు భాగం. దాని తోక కప్లర్ తల లోపలికి తిరగగానే, పైనున్న లాక్ అనే ఉక్కు దిమ్మ తన బరువుతో కిందికి పడి, తోక వెనక్కి తిరగకుండా అడ్డంగా కూర్చుంటుంది. లోపల స్ప్రింగ్ ఏమీ లేదు. లాక్‌ను కిందికి దించేది దాని బరువే.

చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. బండి లాగే బరువు లాక్ మీద గానీ, నకిల్ పిన్ మీద గానీ పడకూడదు. ఆ బరువును నకిల్ తోక మీద, తల లోపల ఉన్న పుల్లింగ్ లగ్‌లు అనే ఉబ్బెత్తు అంచులు మోస్తాయి. లాక్ పని నకిల్ తిరగకుండా ఆపడం, పిన్ పని నకిల్‌ను దాని చోట ఉంచడం. అందుకే వంగిన పిన్ కనిపిస్తే పిన్ మార్చి ఊరుకోకండి. లగ్‌లు అరిగి, మోయకూడని బరువు పిన్ మీదికి వచ్చిందేమో చూడండి.

అన్‌కప్లింగ్ రాడ్ (కప్లర్‌ను విడదీసే కడ్డీ) హ్యాండిల్ లాగినప్పుడు, దానికి తగిలించిన లిఫ్టర్ లాక్‌ను రెండు దశల్లో పైకెత్తుతుంది. మొదటి దశలో లాక్ కాలు, అంటే దాని కింది కొస, త్రోయర్ మీద ఆని నిలబడుతుంది. దీన్ని లాక్‌సెట్ అంటారు. ఇంకా లాగితే త్రోయర్ నకిల్‌ను బయటికి తోసి తెరుస్తుంది.

ఇక యాంటీ క్రీప్. దారిలో కుదుపులకు లాక్ మెల్లగా పైకి పాకకుండా ఆపే అంచు ఇది. లిఫ్టర్ ఎత్తితేనే లాక్ లేవాలి. మరే కారణంతోనూ లేవకూడదు.

2. పని మొదలుపెట్టే ముందు

- బండికి రెండు వైపులా రక్షణ జెండా లేదా దీపం పెట్టండి. మీ అనుమతి లేకుండా ఎవరూ కదపకూడదు.
- హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు చెక్కలు పెట్టండి.
- పక్క బండికీ మీరు పని చేసే చివరకూ మధ్య మీ సంస్థ నియమం చెప్పినంత ఖాళీ ఉంచండి. 15 మీటర్లు లేనిదే నేనైతే తల మధ్యకు వంగను.
- చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఉక్కు ముక్కు బూట్లు తప్పనిసరి. నకిల్ బరువు 35 కిలోల పైనే. ఒక్కరే ఎత్తొద్దు.
- నకిల్, తల మధ్య సందులో వేళ్లు పెట్టొద్దు. బండి కదులుతుండగా కాలితో నకిల్‌ను సర్దే అలవాటుంటే ఈరోజే మానండి.

దగ్గర ఉండాల్సినవి: మంచి టార్చ్, వైర్ బ్రష్, గీకుడు బద్ద, గడ్డపార, పొడవాటి బలమైన స్క్రూడ్రైవర్, కాంటూర్ గేజ్ (కప్లర్ నోటి ఆకారం కొలిచేది), నకిల్ అరుగుదల గేజ్, పొడి గ్రాఫైట్, కొత్త కాటర్ పిన్‌లు (నకిల్ పిన్ జారకుండా పెట్టే చీలిక పిన్‌లు), సుద్దముక్క, నోటుబుక్. కొత్త నకిల్, కొత్త లాక్ ఒక్కొక్కటి చేతికి అందేలా ఉంచుకోండి. ఇవి కేవలం మార్చడానికే కాదు, కొలవడానికి కూడా. ఎలాగో 4వ భాగంలో చెబుతాను.

3. విప్పకముందే చేయాల్సిన నాలుగు పరీక్షలు

ముందే విప్పితే జబ్బు ఆనవాళ్లు చెదిరిపోతాయి. ఉన్నది ఉన్నట్టుగా పరీక్షించండి.

పడే పరీక్ష. నకిల్ పూర్తిగా తెరిచి, గడ్డపారతో మెల్లగా మూయండి. లాక్ ఆగకుండా ఒక్కసారిగా దిగాలి. గట్టిగా, స్పష్టంగా 'ఠక్'మనే చప్పుడు రావాలి. కనీసం పదిసార్లు చేయండి. తొమ్మిదిసార్లు పడి ఒకసారి ఆగితే అది ఫెయిలే. వేగంగా మూసి పరీక్షించడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ దెబ్బకు అంటుకున్న లాక్ కూడా జారిపోతుంది.

కళ్లతో చూడటం. చప్పుడు వచ్చిందని నమ్మొద్దు, హ్యాండిల్ దిగిందని అసలే నమ్మొద్దు. తల కింద టార్చ్ వేసి లాక్ కాలు పూర్తిగా దిగిందో లేదో, టెల్‌టేల్ రంధ్రం (లాక్ స్థితి చూపే రంధ్రం) ఉన్న రకమైతే అందులో సరైన గుర్తు కనిపిస్తోందో లేదో చూడండి. ఒకసారి రాత్రి డ్యూటీలో ఇలా వంగి చూస్తే లాక్ కాలు వేలెడంత పైనే ఆగి ఉంది. పైనుంచి చూస్తే నకిల్ మూసే ఉంది, హ్యాండిల్ దాని చోటే ఉంది. చిన్న గడ్డపారతో తట్టగానే ఇసుకా గ్రీజూ కలిసిన నల్లటి ముద్ద ఊడిపడి, లాక్ దిగింది. అప్పటినుంచి వంగి చూడకుండా ఏ కప్లర్‌నూ 'సరే' అనలేదు.

లేవకూడని పరీక్ష. లాక్ దిగాక, లిఫ్టర్‌ను కదపకుండా, లాక్ కాలి కింద స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా పైకి నెట్టండి. కొద్దిగా కదిలి యాంటీ క్రీప్ అంచుకు తగిలి ఆగాలి. ఆ పై స్థితిలో కూడా లాక్ నకిల్ తోకకు అడ్డంగానే ఉండాలి. ఇంకొకరు అదే సమయంలో నకిల్‌ను గడ్డపారతో బయటికి లాగి చూడాలి. కొంచెం తెరుచుకున్నా ఆ కప్లర్‌ను సర్వీసులోకి పంపకూడదు.

లాక్‌సెట్, త్రో పరీక్ష. హ్యాండిల్ కొంచెం ఎత్తి వదలండి. లాక్ పైనే నిలబడి, నకిల్ చేత్తో లాగితే తెరుచుకోవాలి. మళ్లీ మూసి, ఈసారి హ్యాండిల్ చివరిదాకా లాగండి. నకిల్ పూర్తిగా బయటికి రావాలి. సగంలో ఆగితే త్రోయర్ అరిగిందో, విరిగిందో, లేదా పిన్ దగ్గర బిగిసిందో అని అర్థం.

నాలుగింటి ఫలితాలూ సుద్దతో తల మీదే రాయండి, నోటుబుక్‌లోనూ ఎక్కించండి.

4. గేజ్‌తో అసలు దోషిని పట్టుకోవడం

లాక్ వేసి ఉన్నప్పుడు నకిల్ ముక్కుకూ, దానికి ఎదురుగా తల మీద ఉండే చేయి లాంటి గార్డ్ ఆర్మ్‌కూ మధ్య దూరం పెరుగుతూ పోతే, పట్టు వదులైనట్టే. ఒక ఉదాహరణ: అమెరికా నిబంధనల ప్రకారం ఇంజిన్ల మీది 'డి', 'ఈ' రకం కప్లర్లలో ఈ దూరం 5 5/16 అంగుళాలు, అంటే సుమారు 135 మి.మీ. దాటకూడదు. మీ రైల్వే పరిమితి వేరుగా ఉండొచ్చు. గేజ్ మీద రాసినదే మీకు ప్రమాణం.

గేజ్ వేసేముందు నకిల్‌ను గడ్డపారతో బయటివైపుకు లాగి పట్టుకోండి. వదులంతా బయటపడాలి. ఊరికే వేలాడుతున్న నకిల్‌కు గేజ్ వేస్తే తప్పు లెక్క వస్తుంది.

దూరం ఎక్కువైందని తేలిందా? అరిగింది నకిలా, లాకా, తలా? ఊహతో పని లేదు. ఇలా చేయండి:

1. పాత నకిల్ తీసి కొత్తది పెట్టి మళ్లీ గేజ్ వేయండి. సరిపోతే దోషం నకిల్‌ది.
2. సరిపోకపోతే, కొత్త నకిల్ ఉంచి కొత్త లాక్ కూడా పెట్టండి. ఇప్పుడు సరిపోతే, పాత నకిల్‌ను కొత్త లాక్‌తో పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడూ సరిపోతే నకిల్ మార్చనక్కర్లేదు.
3. రెండూ కొత్తవైనా దూరం తగ్గలేదంటే అరిగింది కప్లర్ తలే. దాన్ని దించి వర్క్‌షాప్‌కు పంపాలి.

మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు ఈ మూడో మెట్టు దగ్గరే దొరుకుతుంది. తల అరిగిపోయాక ఎన్ని లాక్‌లు మార్చినా పట్టు రాదు.

5. విప్పే వరుస

1. విప్పకముందు ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి.
2. అన్‌కప్లింగ్ రాడ్‌ను లిఫ్టర్ నుంచి వేరు చేయండి.
3. నకిల్ పిన్ కాటర్ తీసి, పిన్ పైకి లాగండి. రాకపోతే కింది నుంచి మెత్తటి లోహపు కడ్డీ పెట్టి తట్టండి.
4. ఇద్దరు పట్టుకుని నకిల్‌ను ముందుకు లాగి దించండి.
5. లాక్‌ను ఎత్తి, ముందువైపు నోటి గుండా బయటికి తీయండి. లిఫ్టర్ టాగుల్ (లిఫ్టర్‌ను లాక్‌కు కలిపే ముక్క) లాక్ గాడిలోంచి విడిపోయిందో లేదో చూసుకోండి. విడవకుండా లాగితే టాగుల్ వంగుతుంది.
6. చివరగా త్రోయర్, లిఫ్టర్.

తీసిన భాగాలను ఒక గోనెపట్టా మీద తీసిన వరుసలోనే పేర్చండి. రెండు కప్లర్ల భాగాలు ఎప్పుడూ కలపొద్దు.

6. శుభ్రం చేయడం, గ్రీజు సంగతి

ఎక్కువ కప్లర్లు బాగుపడేది ఈ మెట్టులోనే. దాన్నే ఎక్కువమంది తొందరగా ముగిస్తారు.

తల లోపలి గోడలు, లాక్ జారే దారి, త్రోయర్ కూర్చునే గుంట, అడుగున ఉన్న రంధ్రం అన్నీ గీకుడు బద్దతో గీకి, వైర్ బ్రష్‌తో రుద్దండి. బొగ్గు పొడి, సిమెంటు, ఎరువు లాంటివి మోసే వ్యాగన్లలో ఇది రాయిలా గడ్డకట్టి ఉంటుంది. మంచు పడే చోట లోపల చేరిన నీరు గడ్డకట్టినా లాక్ అలాగే ఆగిపోతుంది.

శుభ్రం చేశాక నూనె గానీ గ్రీజు గానీ రాయొద్దు. 'జారడానికే కదా' అనిపిస్తుంది. కానీ లాక్ సొంత బరువుతో పడాల్సిన వస్తువు. గ్రీజు మొదటి రోజు బాగానే ఉంటుంది. తర్వాత దారి దుమ్మునంతా లాక్కుని జిగురు ముద్దవుతుంది, చలిలో ఇంకా బిగుసుకుంటుంది. అవసరమనిపిస్తే రుద్దుకునే చోట పొడి గ్రాఫైట్ పల్చగా చల్లండి. అంతకు మించి ఏమీ వద్దు.

రంగు కూడా ఇదే సమస్య తెస్తుంది. తల బయట పెయింట్ వేసేటప్పుడు లోపలికి కారి, లాక్ దారిలో పొరకడుతుంది. నకిల్ మీద, లాక్ మీద రంగు వేస్తే పగుళ్లు కూడా దాక్కుంటాయి.

7. పగుళ్లు, అరుగుదల వెతకడం

శుభ్రం చేసిన భాగాలను పట్టపగటి వెలుతురులో లేదా టార్చ్‌ను పక్కవాటుగా పట్టుకుని చూడండి. నేరుగా వెలుగు వేస్తే సన్నని పగులు కనపడదు. వాలుగా వేస్తే దాని నీడ కనిపిస్తుంది.

- నకిల్ లోపలివైపు లాగే ముఖం: ఇక్కడ పగులుంటే నకిల్ పక్కన పెట్టేయండి.
- నకిల్ పిన్ రంధ్రాల అంచులు, తోక మీది లగ్‌ల మూలలు.
- లాక్ ముఖం: మెరిసేంత నునుపుగా, ఒకవైపుకే వాలుగా అరిగిందా?
- త్రోయర్ కాలు, లాక్‌సెట్ ఆనే చోటు.
- టాగుల్ మీద, తల లోపల యాంటీ క్రీప్ అంచులు: మూల గుండ్రంగా అరిగిందంటే కుదుపుకు జారిపోతుంది.

అనుమానం ఉంటే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతం, ఇనుప పొడితో పగులు చూపేది) చేయించండి. తుప్పు గీత సన్నగా ఒక దారంలా సాగిందంటే అది చాలావరకు పగులే.

8. మార్చేటప్పుడు చేయకూడనివి

అరిగిన చోట వెల్డింగ్ పోసి గ్రైండ్ చేస్తే సరిపోతుందనే ఆలోచన చాలా ప్రమాదకరం. ఈ భాగాలు ఎక్కువగా గ్రేడ్ 'ఈ' పోత ఉక్కుతో చేసి, వేడిచేసి చల్లార్చే పద్ధతిలో గట్టిపరిచినవి. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. అనుమతి ఉన్న వర్క్‌షాప్‌లో, తగిన హీట్ ట్రీట్‌మెంట్‌తో తప్ప వెల్డింగ్ వద్దు.

లాక్ దిగడం లేదని దాని అంచు గ్రైండ్ చేయడం ఇంకో తప్పు. పడటం సులువవుతుంది, పట్టు తగ్గిపోతుంది. అడ్డం ఎక్కడుందో కనిపెట్టండి. తోక మీద లేచిన ముల్లు లాంటి చిన్న అంచును మాత్రం మాన్యువల్ అనుమతిస్తే ఆకురాయితో తీయొచ్చు.

వేరే మోడల్ భాగం 'సరిపోయింది' అని పెట్టొద్దు. పోతలో వేసిన మోడల్ గుర్తు, గ్రేడ్ గుర్తు చదివి సరిచూసుకోండి. నకిల్ పిన్ బదులు బోల్టు, కాటర్ బదులు తీగ పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

9. బిగించడం

విప్పిన వరుసకు తలకిందులుగా వెళ్లండి: లిఫ్టర్, త్రోయర్, లాక్, నకిల్, పిన్, కొత్త కాటర్.

శ్రద్ధ పెట్టాల్సినవి రెండు. త్రోయర్ తన గుంటలో పూర్తిగా కూర్చుని చేత్తో అటూ ఇటూ తేలిగ్గా తిరగాలి. లిఫ్టర్ టాగుల్ లాక్ గాడిలో సరిగ్గా పట్టి ఉండాలి. టాగుల్ తప్పుగా కూర్చుంటే లాక్ పడుతుంది, లేస్తుంది, అన్నీ బాగానే అనిపిస్తాయి. యాంటీ క్రీప్ మాత్రం పనిచేయదు.

నకిల్ పెట్టకముందు, లాక్‌ను లిఫ్టర్‌తో ఎత్తి వదిలి నాలుగైదుసార్లు చూడండి. ఇక్కడే ఆగుతుంటే నకిల్ పెట్టాక వెతకడం రెట్టింపు కష్టం.

10. అన్‌కప్లింగ్ రాడ్: ఎవరూ అనుమానించని దోషి

లాక్ బాగుంది, నకిల్ బాగుంది, గేజ్ బాగుంది. అయినా బండి విడిపోతోంది. అప్పుడు రాడ్ చూడండి.

బండి లాగేటప్పుడు డ్రాఫ్ట్ గేర్ (కప్లర్ వెనక కుదుపును తట్టుకునే భాగం) నొక్కుకుని కప్లర్ ముందుకు సాగుతుంది. మలుపులో పక్కకు తిరుగుతుంది. రాడ్ మాత్రం బండి అంచుకు బిగించి ఉంటుంది. దానికి తగినంత వదులు లేకపోతే, కప్లర్ సాగినప్పుడు రాడ్ లిఫ్టర్‌ను లాగి లాక్‌ను ఎత్తేస్తుంది. లిఫ్టర్ ఎత్తితే యాంటీ క్రీప్ అడ్డుకోదు కదా! నిలబడి ఉన్న బండిలో ఇది ఎన్నిసార్లు చూసినా దొరకదు.

1. కప్లర్‌ను ఒక చివరిదాకా పక్కకు తిప్పండి. రాడ్ బిగుసుకుంటోందా? లాక్ కదిలిందా? రెండోవైపూ అలాగే చూడండి.
2. కప్లర్ పూర్తిగా ముందుకు సాగితే ఎంత దూరం వస్తుందో మాన్యువల్‌లో చూసి, రాడ్ వదులు అంతకంటే ఎక్కువ ఉందో లేదో కొలవండి.
3. రాడ్ వంగి, ఏ బ్రాకెట్‌కైనా తగులుతూ లిఫ్టర్‌ను సగం ఎత్తి పట్టుకుందేమో చూడండి. దెబ్బతిన్న వ్యాగన్లలో ఇది తరచూ కనిపిస్తుంది.
4. హ్యాండిల్ వదిలితే దాని బరువుతో అదే కింది స్థితికి రావాలి.

వంగిన రాడ్‌ను సుత్తితో చక్కచేసి వదలొద్దు. కొలత మారిపోతుంది. సరైన పొడవున్నది వేయండి.

11. ఇప్పుడు కలిపి చూడండి

3వ భాగంలోని నాలుగు పరీక్షలూ మళ్లీ చేయండి. అన్నీ పాసయ్యాకే:

- రెండు కప్లర్ల ఎత్తు కొలవండి. ఎత్తు తేడా పెరిగేకొద్దీ నకిల్‌లు ఒకదాన్నొకటి పట్టుకునే చోటు తగ్గుతుంది. లాక్ ఎంత బాగున్నా, 'ఈ' రకంలో ఒకటి పైకి జారి విడిపోవచ్చు.
- గంటకు 5 కిలోమీటర్లు మించకుండా కలపండి.
- టార్చ్‌తో రెండు తలల కింద లాక్ స్థితి చూడండి.
- బయటికి వచ్చి, ఇంజిన్‌తో మెల్లగా లాగించండి. రెండూ సాగినా విడిపోకూడదు.
- బండి ఆపించి, మళ్లీ కిందికి వంగి చూడండి. ఈ రెండో చూపు చాలామంది వదిలేస్తారు.

12. లక్షణం చూసి కారణం పట్టడం

లాక్ సగంలో ఆగుతోంది: మురికి, గ్రీజు, మంచు, లేదా రాడ్ పట్టేయడం. రాడ్ విప్పి మళ్లీ పరీక్షించండి. అప్పుడు పడితే దోషం రాడ్‌దే.

కలిపినప్పుడు లాక్ పడుతుంది, దారిలో విడిపోతోంది: యాంటీ క్రీప్ అరుగుదల, టాగుల్ తప్పుగా కూర్చోవడం, లేదా రాడ్ పొట్టిది కావడం.

లాక్ వేసే ఉంది, కప్లర్‌లు మాత్రం విడిపోయాయి: ఎత్తు తేడా, లేదా నకిల్ ముక్కు, గార్డ్ ఆర్మ్ అరిగి దూరం పెరగడం.

హ్యాండిల్ లాగినా నకిల్ తెరుచుకోదు: త్రోయర్, లేదా వంగిన పిన్. బండి బరువు కప్లర్ మీద సాగి ఉన్నా లాక్ రాదు. ముందు కాస్త వెనక్కి నెట్టించి, అప్పుడు ప్రయత్నించండి.

నకిల్‌లు మాటిమాటికీ విరుగుతున్నాయి: లాక్‌ను నిందించకండి. 'ఈ' రకంలో తల కంటే నకిల్‌ను తక్కువ బలంతో ఉంచుతారు. ఏదైనా విరగాలంటే సులువుగా మార్చగలిగే నకిలే ముందు విరగాలని అలా చేస్తారు. బండి నడిపే తీరులో కుదుపులు, బ్రేక్ వేసే పద్ధతి పరిశీలించండి.

13. రిపేరును మించి మెరుగుపరచాలంటే

పైన చెప్పినవన్నీ చేసినా ఒక రకం సర్వీసులో సమస్య ఆగకపోతే, డిజైన్ మార్పు ఆలోచించాలి. ఏ మార్పుకైనా రైల్వే అనుమతి ముందు.

నిలువుగా జారి విడిపోవడమే సమస్య అయితే పైనా కిందా అంచులున్న షెల్ఫ్ కప్లర్ సరైన జవాబు. ప్రమాదకర ద్రవాలు మోసే ట్యాంక్ వ్యాగన్లకు ఇది వాడటానికి కారణం అదే. 'ఎఫ్' రకంలోనూ తలలు నిలువుగా ఒకదాన్నొకటి పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ప్రయాణికుల పెట్టెల్లో కుదుపు తగ్గాలంటే టైట్‌లాక్ అనే 'హెచ్' రకం ఉంది. దాని సందులు చాలా తక్కువ కాబట్టి అరుగుదల గేజ్ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి.

అంత ఖర్చు లేని మార్పు కావాలంటే, లాక్ దిగిందీ లేనిదీ బయటి నుంచి, రాత్రిపూట కూడా తెలిసే గుర్తు పెట్టండి. లాక్ దారిలో పడకుండా, లాక్ కాలి చివర మాత్రమే మెరిసే రంగు పట్టీ ఉంటే, వంగిన మనిషికి రెండు క్షణాల్లో తెలిసిపోతుంది.

14. వేరే రకం కప్లర్ అయితే

ఎస్‌ఏ-3 రకంలో నకిల్ ఉండదు. కొక్కెం లాంటి తలల మధ్యలోకి లాక్ పొడుచుకొస్తుంది. దాని కింద ఎర్ర రంగు వేసిన సిగ్నల్ కొన బయటికి కనిపిస్తే లాక్ పడలేదని అర్థం. షార్ఫెన్‌బర్గ్ రకంలో తిరిగే ప్లేటు, లింకు, స్ప్రింగ్ ఉంటాయి. అక్కడ తయారీదారు చెప్పిన గ్రీజు చెప్పిన చోట రాయాల్సిందే. 'గ్రీజు వద్దు' అనే మాట 'ఈ' రకం లాక్‌కు చెప్పింది, దాన్ని ఇక్కడికి మోసుకురాకండి.

15. సర్వీసులోకి పంపేముందు టిక్ పెట్టాల్సినవి

- పడే పరీక్ష: మెల్లగా మూస్తే 10కి 10
- లేవకూడని పరీక్ష: పాస్
- లాక్‌సెట్, త్రో: పాస్
- ముక్కు, గార్డ్ ఆర్మ్ గేజ్: పరిమితి లోపల
- పగుళ్లు: లేవు
- కొత్త కాటర్: వేశాం, చివరలు విడదీశాం
- రాడ్: రెండు వైపులా తిప్పినా వదులుంది
- ఎత్తు: కొలిచి రాశాం
- లాగి చూశాక రెండోసారి టార్చ్ వేశాం
- తేదీ, మార్చిన భాగాలు, గేజ్ ఫలితం: రిజిస్టరులో ఎక్కించాం

ఆ బండి మొదటి ట్రిప్ తిరిగి రాగానే లేవకూడని పరీక్ష ఒక్కటి మళ్లీ చేయించండి. కొత్తగా కూర్చున్న భాగాలు కుదుపులకు సర్దుకున్నాక తేడా వస్తే, అప్పుడే బయటపడుతుంది.